కట్టు కట్టిన చేత్తో ప్రమాణం

హేతువాద సభల్లో గొంతు చించుకుని వాదించడం అలవాటైన నేను, నడివయసులో నంద్యాలలో ఉంటూ ఎల్.ఎల్.ఎం.లో చేరాను. కాంట్రాక్టు చట్టం నాకు బాగా నచ్చింది. అందులో దేవుడు లేడు. ఇద్దరు మనుషులు, ఒక మాట, ఆ మాటకు ఇద్దరిలోనూ ఒకే అర్థం. అంతే.

పరిశోధనకు నోటిమాట ఒప్పందాలను ఎంచుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడ కొందరు శిల్పులు ఇప్పటికీ తాంబూలం అందుకుంటే విగ్రహం చేయడానికి ఒప్పుకున్నట్టే. నేను వెళ్లేసరికి ఒక శిల్పి షెడ్డు ముందు గొడవ జరుగుతోంది. జూపాడు బంగ్లా వైపు నుంచి ట్రాక్టరుతో వచ్చిన ఊరిపెద్ద, తాను చెప్పి చేయించిన ఆంజనేయుణ్ణి తీసుకుపోనంటున్నాడు. శిల్పికి బండి మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. అందుకని స్వామి మొహం అతని కూతురు చెక్కింది. బ్రహ్మచారి దేవుడికి ఆడదాని ఉలి తగిలిందట! ఊరు వద్దంటే ఆ ఇంటి నెలల కష్టం మట్టిపాలే.

నేను ఊరుకుంటానా? "మగవాడే చెక్కాలని మాట్లాడుకున్నారా?" అని ఊరిపెద్దను అడిగాను.

"నువ్వెవరు సారూ నడిమధ్య? ఊర్లో నలుగురూ అడుగుతాండారు. అంతా నా చేత్తోనే చేసినానని కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెప్పమను. ఇప్పుడే ఎత్తుకపోతాం."

శిల్పి విగ్రహం ముందు కర్పూరం వెలిగించాడు. కట్టులోంచి బయటికున్న వేళ్లతోనే దాన్ని ఆర్పి, "మొదట్నుంచీ నేనే చేసినా" అన్నాడు. కూతురు పక్కనే ఉంది, జుట్టంతా రాతిపొడితో.

విగ్రహాన్ని ఎక్కిస్తుంటే ఊరిపెద్దను పక్కకు పిలిచి, "నమ్మినావా అన్నా?" అన్నాను.

"నమ్మేదేందీ? కట్టు కనపడల్యా? మొన్న మేమొచ్చినప్పుడు ఆ పాపే చెక్కుతాండె. ఊరికి చెప్పేదానికి ఒక మాట గావాల."

నిజం తెలిసి ఒప్పుకున్నవాడు మోసపోయినట్టు కాదంటుంది చట్టం. అంటే ఇక్కడ మోసపోయినవాళ్లే లేరు! సమ్మతి నిక్షేపంగా ఉంది. మూఢనమ్మకంతో ఎలా తలపడాలో నాకు తెలుసు. అసలు నమ్మకమే లేనిచోట దేనితో తలపడాలి?

ఊరిపెద్ద సంచిలోంచి తమలపాకులు, వక్కలు తీశాడు. "అమ్మవారు గూడా కావాలప్పా. మొహం ఇట్లనే రావాల."

శిల్పి ఎడమ చేతిని ఆసరాగా పెట్టి కట్టున్న చేతిని చాచాడు.

"అది నాకియ్యి పెదనాయనా," అంది కూతురు. "మొహం చేసేది నేను. ఊర్లో నా పేరే చెప్పు. లేకుంటే నాయన చెయ్యి బాగయ్యేదాకా ఆగు."

"ఏందే ఆ నోరు!" అన్నాడు శిల్పి.

"నోరు కాదు నాయనా, ఒప్పందం. ముందే మాట్లాడుకున్నారా అని ఆ సారు అడగలే?"

ఊరిపెద్ద నా వైపు కొరకొరా చూశాడు. ఆకులు మళ్లీ సంచిలో పెట్టుకుని, "ఊర్లో అడగాల" అంటూ ట్రాక్టరెక్కాడు.