నేను కత్తిరించిన మూడు గంటలు

నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం. వాదించే ఓపిక నాకు లేదు. ఆ రాత్రి కుప్పంలో నేను మందు ముట్టలేదు... నిద్రా పోలేదు. నా పిల్లల మీద ఒట్టు.

మదనపల్లెలో పెళ్లి వీడియోలు తీస్తాను. పుంగనూరులో ఎల్లప్ప సార్ అని డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆయన బొమ్మల్లో మనిషీ చెట్టూ ఉండవు... రంగులే. ఆయన బొమ్మ వేసే తీరును ఒక రోజు దగ్గరుండి వీడియో తీశాను. రెండు నెలలకే సార్ పోయారు. కుప్పంలో ఒక కాలేజీవాళ్లు తమ హాల్లో ఆయన బొమ్మలు పెట్టి, గోడ నిండా ఆ వీడియో ఆడించాలన్నారు. సార్ భార్య సరోజమ్మగారు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు.

"ఏమీ కత్తిరించొద్దప్పా. ఆయన ఎట్ల పని చేస్తాండెనో అట్లనే సూపించు."

అప్పటికే కత్తిరించేశాను. సార్ కుంచె పట్టేది తక్కువ. స్టూలు మీద కూర్చుని, మనకు వీపు పెట్టి, గంటల తరబడి ఊరికే కాన్వాసు వైపు చూసేవారు. పెళ్లిళ్ల అలవాటు కదా నాది... కదలని చోటల్లా వేస్టు. మూడు గంటలు తీసేసి పన్నెండు నిమిషాలు చేశాను. కెమెరా కార్డు చెరిపి ఇంకో పెళ్లికి వాడేశాను. ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

ప్రదర్శనకు ముందురోజు రాత్రి హాల్లో ప్రొజెక్టర్ బిగించాను. వరుసగా మూడు పెళ్లిళ్లు తీసి వచ్చిన ఒళ్లు. కళ్లు మండుతున్నాయి. వీడియో పెట్టి కుర్చీలో కూలబడ్డాను. కుంచె చప్పుడు... సర్రు... సర్రు... ఆగింది.

గోడ మీద సార్ కూర్చుని ఉన్నారు. వీపు మాత్రమే.

లేస్తారులే అనుకున్నాను. లేవలేదు. ఐదు నిమిషాలు... పది... ఫ్యాను చప్పుడు, టక్... టక్... హాల్లో ఫ్యాన్లు నేనే ఆపాను. అది పుంగనూరులో సార్ బొమ్మలు వేసే గదిలోని ఫ్యాను.

వీడియో ఇరుక్కుందేమోనని గోడ దగ్గరికి వెళ్లాను. సార్ చొక్కా ఊపిరికి కొంచెం లేస్తోంది... దిగుతోంది. స్టూలు కిర్రుమంది. తల మెల్లగా... నా వైపు తిరగబోయింది.

ప్లగ్ పీకేశాను.

పొద్దున అదే వీడియో పన్నెండు నిమిషాలే ఆడింది. సరోజమ్మగారు రెండుసార్లు చూశారు.

"ఆయన కూసోనుండేది యాడప్పా? టీ తీసకపోయినప్పుడల్లా నేను సూసింది ఆ వీపే గదా."

"తీసేసినానమ్మా..." అన్నాను. ఏడుపొచ్చింది.

రాత్రి సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. అది నా అలసటో, సారో... నాకు తెలియదు. ఫోను జేబులోనే ఉంది, గోడ మీది ఆ వీపును ఆమె కోసం వీడియో తీసి ఉండాల్సింది. ప్లగ్ పీకి, రెండోసారి కూడా ఆయన్ని నేనే కత్తిరించాను.