నా బిడ్డ ఆమె దగ్గర నవ్వింది

మా తోడికోడలు పోయిన సంగతి నా కూతురే ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున ఏడు దాటింది. మా సందులో మరమగ్గాల సాంచలు అప్పుడే మొదలయ్యాయి. ఆ చప్పుడులో మాట వినబడక, ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని మెట్ల మీదికి వెళ్లాను.

"అమ్మా, పెద్దమ్మ పోయింది," అంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నా చెయ్యి పట్టుకునే ఉండె."

మీకు అబద్ధం చెప్పను. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. పోయేటప్పుడు కూడా నా బిడ్డ చెయ్యే దొరికిందా ఈమెకు అనుకున్నాను. దుఃఖం ఆ తర్వాత వచ్చింది, మెట్ల మీద కూలబడ్డాక. ఇరవై ఆరేళ్లు ఒకే కప్పు కింద బతికిన మనిషి గురించి రాయమంటే ఆ అసూయను దాచి రాయడం నాకు చేతకాదు. రెండూ కలిపే రాస్తున్నాను.

మాది కల్యాణ్ దగ్గరి శాంతి నగర్. పెద్దవాళ్లు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాలు పెట్టుకున్నారు. కింద సాంచల షెడ్డు, పైన రెండు గదులు. ఒకటి బావగారిది, ఒకటి మాది. మధ్యలో గోడ ఉండాల్సిన చోట రేకు ఉండేది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు కింద మగ్గాల మోతకు వారం రోజులు నిద్రపోలేదు. మా తోడికోడలిని నేను అక్క అనేదాన్ని. "వాన పడుతున్నదనుకో చెల్లె, నిద్ర అదే వస్తది," అని చెప్పింది. నిజంగానే వచ్చింది.

అక్క కష్టాలన్నీ నా కళ్ల ముందే జరిగాయి. బావకు కోపం ఎక్కువ. ఒక్కగానొక్క కొడుకు తన సాంచలు చూసుకోవాలని ఆయన పట్టుదల. వాడు ఆ పని చెయ్యనని కల్యాణ్‌లో ఫోన్ల దుకాణంలో కుదిరాడు. వాడు బట్టల సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే బావ పైనుంచి, "నేను సచ్చినా నా మొకం సూడకు," అన్నాడు. వాడు వెనక్కి తిరగలేదు. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకుల మధ్య మాట లేదు. కొడుకు మీది కోపమంతా బావ ఇంట్లో చూపించేవాడు. కూరలో ఉప్పు తగ్గిందని పళ్లెం విసిరేవాడు. ఒక్కోసారి పది రోజులు అక్కతో మాట్లాడేవాడు కాదు.

పళ్లెం విసిరిన రోజుల్లో ఆమె ఏడుస్తూ నా గదిలోకి వచ్చేది. నేను నీళ్లు ఇచ్చి, వీపు నిమిరి, బావను నాలుగు మాటలు అనేదాన్ని. అలా కొన్నాళ్లు గడిచాక, మా సందులో నూలు కండెలు చుట్టే ఒకామె అక్కను అంజూర్ ఫాటా కూడలి అవతల తెలుగువాళ్ల ప్రార్థనకు తీసుకెళ్లింది. అక్క మళ్లీ మళ్లీ వెళ్లింది. తర్వాత ప్రతి ఆదివారం వెళ్లడం మొదలుపెట్టింది.

మా అత్తకు నచ్చలేదు. "గీ వయసుల నీకు గీ కొత్త దేవుడేందే?" అని నిలదీసింది.

"నా ఏడుపు ఇనేటోళ్లు కావాలె అత్తా. గాడ ఇంటున్నరు," అంది అక్క, పిండి కలుపుతూనే.

ఆమె ఇంట్లో ఒక్క పటం తీయలేదు, ఎవరినీ ప్రార్థనకు రమ్మనలేదు. బతుకమ్మ నాడు మాతో కూర్చుని పూలు వేరుచేసి ఇచ్చేది. అత్త కూడా మెల్లగా సణగడం మానేసింది. సణగనిది నేను, లోపల మండింది కూడా నేనే. ఎందుకంటే ప్రార్థన మొదలుపెట్టాక అక్క ఏడవడానికి నా గదికి రావడం మానేసింది. పళ్లెం పడ్డ చప్పుడు వినగానే నేను నీళ్ల గ్లాసు సిద్ధం చేసుకునేదాన్ని. ఆమె వచ్చేది కాదు. రేకు అవతల సన్నగా ప్రార్థన వినబడేది. బావ మారలేదు, కొడుకు తిరిగి రాలేదు. ఆమె ముఖం మాత్రం తేటపడింది. ఆమెను ఓదార్చే పని నా చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు అనిపించింది నాకు.

అసలు మంట నా కూతురి విషయంలో రాజుకుంది.

నా బిడ్డ మరాఠీ బడిలో చదివింది. పన్నెండో తరగతి పరీక్ష రాస్తూ మధ్యలో లేచి ఇంటికి వచ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మిగతా పరీక్షలకు వెళ్లలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే "నకో అమ్మా, వద్దు" అనేది. నేను బతిమాలాను, తిట్టాను, మొక్కులు మొక్కాను. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, మందులు రాశాడు. మింగేది కాదు. మా ఆయన గడప దగ్గర నిలబడి చూసి కిందికి వెళ్లిపోయేవాడు.

మధ్యాహ్నం కరెంటు పోయే వేళ ఒకటుండేది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి సందంతా నిశ్శబ్దమయ్యేది. ఒకరోజు ఆ వేళకు అక్క తన వాక్యం పుస్తకం పట్టుకుని మా గదిలోకి వచ్చి, నా బిడ్డ పక్కన కూర్చుంది.

"కండ్లు మసకలు కొడుతున్నయి బిడ్డా. గీ ఒక్క ముక్క సదివి పెట్టు," అంది.

నా కూతురు గోడవైపు నుంచే జవాబిచ్చింది. "నాకు తెలుగు అక్షరాలు రావు పెద్దమ్మా."

"అయితె నేర్సుకో. నేను యాడికి పోత?"

అలా మొదలైంది. రోజూ ఆ వేళకు వచ్చేది. ముందు మాత్ర చేతిలో పెట్టేది. "గోలీ ఏసుకో, తర్వాతనే ప్రార్థన. రెండూ కావాలె," అనేది. తర్వాత పలక మీద అ, ఆ. చివర్లో ప్రార్థన. ఆమె ప్రార్థన పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు ఉండేది. "ప్రభువా, ఇయ్యాల గీ పిల్ల ఒకటిన్నర రొట్టె తిన్నది. రేపు రెండు తినేటట్టు సూడు. మా ఆయనకు కోపం జర తగ్గియ్యి. తండ్రి కొడుకులు ఒక్కకాడ కూసోని తినాలె, గది నేను సూడాలె." అంతే, ఆమెన్ అని లేచేది.

ఆ అక్షరాలు నాకూ వచ్చు. ఊళ్లో ఏడో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివాను. నా బిడ్డకు నేర్పాలని నాకెన్నడూ తోచలేదు.

ఒకరోజు గది బయట కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. లోపలినుంచి నవ్వు వినబడింది. మూడు నెలల తర్వాత నా కూతురి నవ్వు. 'ళ' రాయబోయి ఏదో వంకర గీత గీసిందట. సంతోషంతో నా గుండె నిండాలి కదా. వెల్లుల్లి గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాను. నన్ను చూడగానే పిల్ల నవ్వు ఆగింది. అదే నన్ను చంపింది.

అక్కను మెట్ల దాకా తీసుకొచ్చి అనరాని మాట అన్నాను. "నీ కొడుకు నిన్ను ఇడిసి పోయిండు గదా. ఇప్పుడు నా బిడ్డను నీ దిక్కు గుంజుకుంటున్నవా? రేపటి సంది రాకు."

ఆమె పుస్తకం ఛాతీకి ఆనించుకుని నిలబడింది. మరునాటి నుంచి రాలేదు.

నా కూతురు మళ్లీ గోడవైపు తిరిగింది. మందులు ఆపింది. నేను పలక తీసుకుని పక్కన కూర్చుంటే కళ్లు మూసుకుంది. పదకొండో రోజున నేనే అక్క గదికి వెళ్లాను. పప్పులో రాళ్లు ఏరుతోంది.

"రా అక్కా. పిల్ల తింటలేదు," అన్నాను. క్షమించమనే మాట నోట్లోకి రాలేదు.

"కూసో," అంది. "నీకొకటి చెప్పాలె. నీ బిడ్డ నా దగ్గర నవ్వితె నాకు సంతోషమయ్యేది. నీ దగ్గర నవ్వుతలేదని ఇంకింత సంతోషమయ్యేది. నా కొడుకు పోయినంక నన్నొకరు ఏరుకున్నరని గర్వపడ్డ. నువ్వు అన్నది సగం నిజమే చెల్లె. పదకొండు దినాల సంది దానికే ప్రార్థన చేస్తున్న. నాల నుంచి గా గర్వం పోతెనే మళ్ల మీ గదిల అడుగు పెడత అనుకున్న."

"పోయిందా?"

"పోలే. జర తగ్గింది," అని చిన్నగా నవ్వింది. "ఇద్దరం పోదాం పా. నువ్వు గూడ కూసో."

ఎవరూ చూడని తప్పును అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దానికీ కుళ్లుకున్నాను. నా తప్పు అందరూ చూశారు, అయినా నేను ఒప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత ముగ్గురం కూర్చునేవాళ్లం. నాకు ప్రార్థన రాదు. వాళ్లు కళ్లు మూసుకుంటే నేను నా బిడ్డ ముఖం చూస్తూ ఉండేదాన్ని. పిల్ల మెల్లగా తిన్నది, మందులు వేసుకుంది, మరుసటి ఏడు పరీక్ష రాసింది. ఇప్పుడు అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాములో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తోంది. మందు పనిచేసిందో, ప్రార్థనో, 'ళ' అక్షరమో నాకు తెలియదు. అక్కను అడిగితే "అన్ని," అనేది.

పరీక్ష మధ్యలో ఎందుకు లేచి వచ్చిందో నా బిడ్డ ఆమెకు చెప్పింది. నాకు చెప్పమని ఒకసారి అక్కను అడిగాను.

"గది నేను చెప్పేది కాదు. ఆమెనే చెప్తది. చెప్పకున్నా నువ్వు తల్లివే," అంది. ఎంత గుచ్చినా ఆ మాట ఆమె నోట రాలేదు.

రెండేళ్ల కిందట అక్క కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. నా కూతురు పని నుంచి నేరుగా అక్కడికే వెళ్లేది. కీర్తనలు తడబడకుండా తెలుగులో చదివి వినిపించేది. నేను అన్నం డబ్బా పట్టుకుని వెళ్తే పక్క మంచం వాళ్లు, "మీ బిడ్డనా అక్కా? ఆమె బిడ్డనే అనుకున్నం," అనేవాళ్లు. నేను నవ్వేదాన్ని. డబ్బా మూత గట్టిగా బిగించేదాన్ని. అక్కకు ఆ బిగింపు కనబడేది. వెంటనే నా కూతురితో, "మీ అమ్మకు కూసోను జాగ ఇయ్యి," అనేది.

ఆమె ఒక కోరిక మాత్రం తీరలేదు. తండ్రీ కొడుకులు ఒకచోట కూర్చుని తినడం ఆమె చూడలేదు. తొమ్మిదేళ్లు రోజూ అడిగింది. జవాబు రాలేదని విసుక్కోవడం నేను వినలేదు. ఒక్కసారి మాత్రం, "ప్రభువుకు నా మాట ఇనబడుతదని తెలుసు. ఏం చేస్తున్నడో తెల్వది," అంది. ఆ నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అది ఉన్నవాళ్లను చూస్తే ఇప్పటికీ కుళ్లు.

ఆమెను మట్టిలోనే పెట్టాలని బావే అన్నాడు. "ఆమెకు ఎట్ల ఇష్టమో గట్లనే," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. మా సందులో ఆ పూట సాంచలు ఆపారు. ప్రార్థనకు వచ్చేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, ఎదురింటి ముస్లిం ఆడవాళ్లు, మా కులపోళ్లు అందరూ వచ్చారు. నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అని ఆ గుంపులో నిలబడే అనుకున్నాను. సిగ్గేసింది.

కొడుకు కల్యాణ్ నుంచి వచ్చి శవపేటికకు ఒకవైపు నిలబడ్డాడు. బావ రెండోవైపు. ఇద్దరూ ఆమెనే చూశారు. పేటిక లేపే ముందు బావ, "చాయ్ తాగినవారా?" అన్నాడు.

"తాగలే," అన్నాడు వాడు.

అంతే. ఇద్దరూ ఒంగి చెరోవైపు పట్టుకున్నారు. అక్క ఉంటే దానికే స్తోత్రం చెప్పి ఉండేది.

సమాధి దగ్గర అందరం తలా పిడికెడు మట్టి వేశాం. వాన పడి నేల తడిగా ఉంది. నా కూతురు రెండు చేతులతో వేసింది, చాలాసార్లు వేసింది, వద్దన్నా ఆగలేదు. చివరికి లేచి, ఏడుస్తూ, అటు ఇటు చూసి, చిన్నప్పుడు అన్నం తిని లేచినట్టే వచ్చి, నా కొంగు లాక్కుని చేతులు తుడుచుకుంది. ఏం చేస్తున్నదో దానికి తెలియదు. ఆ చేతులతోనే కొంగు పట్టుకుని నా పక్కన నిలబడిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అంజూర్ ఫాటా దగ్గర లారీల మధ్య మా ఆటో ఇరుక్కుపోయింది. బిడ్డ నా భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకుంది. కొంగు మీది తడి మట్టి ఆరి, చిన్న చిన్న పెళ్లలుగా నా ఒళ్లో రాలుతోంది. నేను దులపలేదు.