ఆముదం సీసాలో బ్రేకు రబ్బర్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎర్రగుంట్ల స్టేషన్లో నా పక్కన కూర్చున్నాయన సంచిలోంచి ఒక సీసా తీశాడు. అందులో ఆముదంలో మునిగిన కొత్త బ్రేకు రబ్బర్లున్నాయి. మా నాయన వదిలిపోయిన పాత కారు కోసం ఆరు నెలలుగా నేను వెతుకుతున్నవి అవే. కంపెనీ అచ్చు కూడా చెరగలేదు. నాకు కళ్లు కుట్టాయి.

“యాడ దొరికినాయప్పా?”

“మా నాయన కారు కొన్న పొద్దే తెప్పించినాడు. ఆముదంలో ఉంటే రబ్బరు చెడదని దాచిపెట్టినాడు.”

మా నాయనకు ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో! జేబులోంచి నా కారు పాత రబ్బరు తీసి చూపించాను. అది బూరెలా ఉబ్బిపోయింది. ఆయన దాన్ని వాసన చూశాడు.

“బ్రేకుల్లో శెనిక్కాయ నూనె పోసినావా?”

“లేదు,” అన్నాను. పోసింది నేనే. ఇంట్లో గానుగ ఉందని బ్రేకు నూనెకు బదులు అదే పోశాను.

ఆయన సీసాను నా వైపు జరిపాడు. “తీసుకోప్పా. ఇంట్లో ఇంకోటి ఉండాది.”

ఇంకోటి కూడానా!

“వద్దులే. నాకు మద్రాసు నుంచి వస్తాండాయి,” అన్నాను.

ఆయన బండి ముందొచ్చింది. సీసా సంచిలో పెట్టుకుని ఎక్కిపోయాడు.

నా కారు ఇప్పటికీ కొట్టంలోనే ఉంది, చక్రాల కింద రాళ్లతో.