మా దాలిలోని నిప్పు

మా చిన్నప్పుడు ఎండాకాలంలో పొద్దున పది దాటితే వీధిలో ఒక్క పొయ్యి కూడా వెలిగేది కాదు... పడమటి గాలి లేచే వేళ అది. మావన్నీ తాటాకు ఇళ్లు. ప్రతి ఇంటి పక్కనా వంటచెరుకు కోసం పేర్చిన పత్తికట్టె మోపులు. అందుకే ఆడవాళ్లు ఆలోపే వంట ముగించి, పొయ్యిలో నీళ్లు చల్లి, మిరపకోతలకు వెళ్లేవాళ్లు. గాలి పడేదాకా ఎవరూ నిప్పు అడగకూడదు... అడిగినా ఇవ్వకూడదు. సొంత అక్కచెల్లెళ్లయినా సరే.

ఒక్క మా దాలికి మాత్రం మినహాయింపు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా... దాలి అంటే నేలలో చిన్న గుంట, అందులో పిడకలు, పైన పాలకుండ. మంట ఉండదు, సన్నటి సెగ మాత్రమే. సాయంత్రం దాకా కాగి పాలు ఎర్రబడేవి, పైన మందంగా మీగడ కట్టేది. గుంట మీద కుండ మూతలా కూర్చుని ఉంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

సెలవుల్లో దానికి కాపలా నేనే. పదేళ్లదాన్ని. పగలంతా ఇంట్లో గేదె, దాలి, నేను... పలకరించే మనిషి ఉండేది కాదు.

నాకున్న తోడల్లా ఎదురింటి మస్తానీ. వాళ్లమ్మా మా అమ్మా కలిసే కోతకు వెళ్లేవాళ్లు. ఏడాది నిండని తమ్ముణ్ని చంకనేసుకుని మస్తానీ రోజూ మా గుమ్మంలోనే కూర్చునేది.

ఆ రోజు మాత్రం ఒక్కతే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పద్మా, ఒక్క పిడకముక్క నిప్పు పెట్టవే. తమ్ముడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జావ కాసి వెంటనే ఆర్పేస్తా."

"గాలి లేచిందిగా... మా అమ్మకి తెలిస్తే చంపుద్దే!"

"నేనెందుకు చెప్తానే?"

ఎదురుగా కుండ నిండా పాలున్నాయి. ఒక్క గ్లాసు పోసి ఉంటే ఈ కథే లేదు. కానీ మీగడ చెదిరితే అమ్మ ఇట్టే పట్టేస్తుంది... నిప్పు తగ్గితే ఎవరికీ తెలియదు. అదీ నా తెలివి! మసిగుడ్డతో కుండ కాస్త జరిపి, రాజుకున్న పిడకముక్క తీసి ఇచ్చాను. నిప్పు మోసేటప్పుడు పైన ఇంకో పిడక బోర్లించాలి. తొందరలో అదీ మరిచాను.

మస్తానీ వీధి దాటుతుండగా గాలి విసురుగా కొట్టింది. రవ్వలు లేచి వాళ్ల పత్తికట్టె మీద పడ్డాయి. చూస్తుండగానే భగ్గుమంది... మస్తానీ లోపలికి దూసుకుపోయి తమ్ముణ్ని తెచ్చి నా చేతుల్లో పడేసింది. అప్పటికే మంట కప్పుకి అంటుకుంది.

లోపల ఎండుమిర్చి బస్తాలున్నాయి. అవి అంటుకున్నాక ఆ ఘాటుకి ఎవరి తరమూ కాలేదు. బిందెలతో వచ్చిన మగవాళ్లు దగ్గుతూ, కళ్లు మూసుకుని వెనక్కి పరిగెత్తారు. పక్కిళ్ల కప్పుల మీద తడి గోనెలు పరిచి వాటినైతే కాపాడుకున్నారు. ఫైరింజను వచ్చేసరికి మస్తానీవాళ్ల ఇంట్లో మిగిలింది కప్పు మోసిన నిట్రాళ్లే, అవీ మాడిపోయి.

మా ఇద్దరి అమ్మలూ చేల నుంచి పరుగున వచ్చారు. పెద్దవాళ్లు మస్తానీని నిలదీశారు. "నిప్పు ఎక్కడిదే?"

మస్తానీ నా వైపు ఒక్కసారి చూసింది. "మా పొయ్యిలోదే" అంది.

అంతే... వీధంతా వాళ్లమ్మ మీద పడింది. "పొయ్యి ఆర్పకుండా ఎట్టా పోయావమ్మా? వీధి వీధంతా బూడిదయ్యేదిగా!"

"ఆర్పానండీ... రెండు చెంబులు పోసి ఆర్పానండీ..." అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. ఒక్కరూ నమ్మలేదు. కూతురే చెబుతుంటే ఇంకెవరు నమ్ముతారు?

నేను ఆ పిల్లాణ్ని ఎత్తుకుని పక్కనే నిలబడ్డాను. నిప్పు నేనిచ్చానని చెప్పలేదు. చిన్నపిల్లవి కదా అని సర్దిచెప్పకండి... పిరికిదాన్ని, అంతే.

వారం తిరక్కుండా వాళ్లు వాడరేవు వైపు చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు ఆ దాలి పక్కన ఒక్కదాన్నే కూర్చున్నానో...

మొన్న గుంటూరులో మా అపార్ట్‌మెంటుకి అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. గ్యాస్ లీకైతే ఏం చేయాలో చూపించి, "మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా అండీ?" అని అడిగారు. అందరితోపాటు నేనూ తల అడ్డంగా ఊపాను. పైకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇన్నేళ్లొచ్చినా మళ్లీ అదే పని చేశాను కదా అని...

ఇప్పుడన్నీ స్లాబు ఇళ్లు, గ్యాసు పొయ్యిలు. గాలి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ పట్టదు. మా ఎదురు ఫ్లాటులో ఉండేవాళ్ల పేరు కూడా నాకు తెలియదు. ఒకరి పొయ్యి గురించి ఇంకొకరు భయపడే రోజులు పోయాయి.

మీ ఊళ్లో కూడా గాలివేళ నిప్పు ఇవ్వని అలవాటు ఉండేదా? ఉంటే రాయండి... మీరూ నాలాగా ఏదైనా దాచి ఉంటే, అదీ రాయండి.

మస్తానీ, ఇది నీ దాకా వస్తుందో రాదో... మీ అమ్మ ఆ రోజు పొయ్యి ఆర్పే వెళ్లింది. ఆ నిప్పు మా దాలిలోది.