తనిఖీ బాబాయి, ఆపిల్ కాబ్లర్

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన బాబాయి రిటైరయ్యాడు గానీ, ఆయన చెయ్యి ఇంకా రిటైర్ కాలేదు. తాళం వేశాక లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతాడు. ఆ ఆదివారం పిన్ని స్లో కుక్కర్లో ఆపిల్ ముక్కలు పరిచి, పైన వెన్న కలిపిన పిండి పోసి మూత పెట్టింది. "ఈ కాబ్లర్ అనే స్వీటు ఇంతే, దానంతటదే ఉడుకుతుంది. మూత మాత్రం తీయకండి, ఆవిరి పోతుంది," అని చెప్పి, తన అక్కావాళ్లను తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్లింది. బాబాయి బుద్ధిగా తలూపాడు. కాసేపటికి చెంచా అందుకున్నాడు. ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు గానీ, ఆయన ఒప్పుకోడు. ముందు సీటువాడు టికెట్ కొంటే వెనక సీటువాడూ కొన్నట్టేనా? అందుకని ఒకసారి ఈ మూల, మరోసారి ఆ మూల, ఆ తర్వాత నడిమధ్య. పచ్చిగా తగిలితే ఇంకోచోట చూడాలి, మెత్తగా తగిలితే తప్పకుండా ఇంకోచోట చూడాలి. మూత తీసినప్పుడల్లా కళ్లజోడుకు ఆవిరి పట్టేది. చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చెంచా ముంచేవాడు.

చుట్టాలంతా బల్ల చుట్టూ కూర్చున్నాక పిన్ని మూత తీసింది. గిన్నె అడుగు తళతళలాడుతోంది.

"ఏవండీ, ఏంటిది?"

బాబాయి మూతి తుడుచుకుని, డ్యూటీ దిగేవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఎక్కడా పచ్చి లేదు, మొత్తం చూశాను. ఇక నిశ్చింతగా వడ్డించు."