ఏలుబడిలో ఎదుగుదల

కోవూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే అబిగయీలు టీచరుకు చెన్నైలో బి.ఎడ్. చదివే రోజుల్లో ఒక పిచ్చి పట్టుకుంది. నలుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేసి కథ నడుపుకొనే ఆట అది. హాస్టల్లో వాళ్లు ఆడినప్పుడు వీరులు గుహల్లో రాక్షసులను చంపి లెవెల్ పెంచుకొనేవారు. చంపడానికి రాక్షసులు మిగలక, చేతికి రాజ్యమొస్తే ఆ వీరుడు ఏం చేస్తాడు? నలభయ్యో ఏట ఆ ప్రశ్నకు జవాబుగా తనే ఒక ఆట కట్టడం మొదలుపెట్టింది. పేరు 'ఏలుబడి'. ప్రతి ఆటగాడికీ ఒక సీమ, కొన్ని మంత్రాలు, తగవులు పడే జనం.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో ఆడేవారు. నర్సు లిల్లీ, జిరాక్సు షాపు గిరిబాబు, వరి పండించే పెంచలకృష్ణ. పెంచలకృష్ణ పాస్‌బుక్కు నకళ్ల కోసం గిరిబాబు షాపుకొచ్చి, అక్కడ ఆట కాగితాలు చూసి ఇందులో పడ్డాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి.

పాత్ర ఎదిగే పద్ధతికి అబిగయీలు ఒక పట్టిక తయారుచేసింది. ఆటలో ఏడాది ముగిశాక సీమలో ధాన్యం, సైన్యం, ఊళ్లు కూడితే ఎన్నో మెట్టో తేలుతుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదనుకుంది.

గిరిబాబు పక్క సీమ మీద పడి దోచి ఏడో మెట్టెక్కాడు. పెంచలకృష్ణకు పాచికలు వరసగా రెండేళ్లు కరువు తెచ్చాయి. గాదెలు తెరిచి జనానికి పెట్టాడు. ఎగువ ఊరికీ దిగువ ఊరికీ నీటి తగవు తీర్చాడు. ఒక్క కుటుంబం కూడా వలసపోలేదు. పట్టిక చూస్తే మూడో మెట్టు మీదే ఉన్నాడు.

"అంటే నేనేమీ చేయలేదనా టీచరమ్మా?" అన్నాడు నవ్వుతూనే. తర్వాతి ఆదివారం రాలేదు.

ఆ మాట ఆమెను వదల్లేదు. లెక్కకు దొరికిందే లెక్కలోకి తీసుకున్నాను కదా అనుకుంది. పిల్లలకు మార్కులు వేసే చెయ్యి ఆటలోనూ అదే పని చేసింది.

బుధవారం బడి నుంచి నేరుగా అతని వరి కయ్యల దగ్గరికి వెళ్లింది. కాలవ గట్టు మీద ఇద్దరు రైతులు నీళ్ల కోసం గొంతు చించుకుంటున్నారు. పెంచలకృష్ణ మధ్యలో నిలబడి, "ఈ తడి నా వంతు గదా. చివరి కయ్య ఎండిపోతా ఉండాది, దానికి పోనీండి" అన్నాడు. ఇద్దరూ సణుక్కుంటూ సర్దుకున్నారు.

"నీ పైరు ఏంగావాల అన్నా?" అంది అబిగయీలు.

"రెండు రోజులు వాడతాది. ఈసారి నేను వదులుకుంటేనే గదమ్మా, రేపు నా మాట వినేది."

ఇంటికొచ్చి పట్టిక కొట్టేసింది. కొత్త నియమం రాసింది: ఏలిక తనకు నిజంగా కావలసినది వదులుకొని తగవు తీరిస్తే ఒక 'మాట' దక్కుతుంది. మూడు మాటలు కూడితే ఒక మెట్టు.

గిరిబాబు మొదటి రోజే దానికి కన్నం వేశాడు. దోచుకొచ్చిన ధాన్యంలోంచి మూడు బస్తాలు పంచి మూడు ఊళ్ల తగవులు తీర్చి, "అక్కా, అవి నాకు కావలసినవే. ఎనిమిదో మెట్టు రాయి" అన్నాడు. రూలు ప్రకారం కాదనడానికి లేదు. అందరూ నవ్వారు, అబిగయీలు తప్ప. చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుని, ఇంకో వాక్యం చేర్చింది. ఆ వదులుకోవడం బరువైనదా కాదా అన్నది ఏలిక చెప్పకూడదు. ఎడమ పక్కనున్న ఆటగాడు జనం తరఫున చెప్పాలి.

పెంచలకృష్ణను ఆమే ఫోన్ చేసి రప్పించింది. అతను ఆటలో తనకున్న ఎగిరే గుర్రాన్ని ఇచ్చేసి ఒక గొడవ ఆపాడు. ఎడమ పక్కన లిల్లీ.

"నువ్వు దాన్ని ఎక్కిందే లేదు గదన్నా. బరువేముండాది?"

అతని ముఖం చిన్నబోయింది. 'మాట' ఇచ్చేద్దామని అబిగయీలు పెన్సిలు అందుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

పెంచలకృష్ణే తన కాగితం చూసుకుని, "నిజమే లిల్లమ్మా, అది నాకు బరువు గాలేదు" అన్నాడు.

నెల పట్టింది అతనికి నాలుగో మెట్టు ఎక్కడానికి. దానితో వచ్చే శక్తిని అబిగయీలు చదివి వినిపించింది: ఏడాదికొకసారి, ఒక్క మాటతో కొట్లాట ఆపగలడు.

"ఏడాదికి ఒక్కసారేనా? మా కాలవ మీద నాట్ల కాలంలో రోజుకొకటి కావాల టీచరమ్మా" అని పాచికలు అందుకున్నాడు.