సాక్ష్యంలో చెప్పని బిళ్ళ

నా బైబిలుకి జిప్పు ఉన్న నల్ల కవరు ఉంది. ఆ కవరు లోపలి అరలో, కానుక కవర్ల వెనకాల, ఏడాది పైగా షుగరు బిళ్ళలు దాచుకున్నాను. మా ఇంట్లో వాళ్ళకి తెలుసు, డాక్టరుకి తెలుసు, మందుల షాపు అతనికి తెలుసు. తెలియనిది మా సంఘానికే.

శ్రీకాకుళంలో మాదేమీ పెద్ద సంఘం కాదు. రేకుల కప్పు మందిరం. ఒక పక్క ఆడవాళ్ళం, ఒక పక్క మగవాళ్ళు, చాపల మీద కూర్చుంటాం. ఆదివారం పాటలయ్యాక, వాక్యానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకి చేసిన మేలు ఎవరికి వారు లేచి చెప్పాలి. చెప్పడం అయిపోగానే అందరం స్తోత్రం అంటాం. అందులో ఎవరూ రాసిపెట్టని నియమం ఒకటుంది. జ్వరం తగ్గిందని చెప్పొచ్చు, ఆపరేషను బాగా జరిగిందని చెప్పొచ్చు. బిళ్ళ వేసుకున్నానని మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే దేవుడికి చెందాల్సిన ఘనతలో మందుల షాపుకి వాటా ఇచ్చినట్టవుతుందని మా భయం.

అది తప్పని నాకు తెలియక కాదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. క్లోమం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. తప్పు గీసిన పిల్లల చేత పదేసి సార్లు గీయించిన రాక్షసిని. అటువంటిదాన్ని, నాకు షుగరు వచ్చిందనగానే బెంబేలెత్తిపోయాను. మా అమ్మ ఆ జబ్బుతోనే చూపు పోగొట్టుకుంది. శుక్రవారం ఉపవాస కూడికలో అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. మూడు నెలలు బిళ్ళలు వేసుకుని, అన్నం తగ్గించి, పొద్దున్నే నాగావళి వంతెన దాకా నడిచి, పరీక్ష చేయించుకుంటే రిపోర్టు బాగా వచ్చింది. ఆ సంతోషమూ నిజమే.

ఆ ఆదివారం పొందూరు చీర కట్టుకుని వెళ్ళాను. సాక్ష్యాల వేళ ముసుగు సర్దుకుని లేచాను. ప్రార్థన చేయించుకున్నాను, షుగరు మామూలుకి వచ్చింది, దేవుడికి స్తోత్రం అన్నాను. నా మాటల్లో ఒక్క అబద్ధం లేదు. బిళ్ళా లేదు, నడకా లేదు. పాస్టరుగారు పొంగిపోయి, సైన్సు టీచరుగారే చెబుతున్నారు చూడండి అన్నారు. అప్పుడైనా, అయ్యగారూ, బిళ్ళలు కూడా వేసుకుంటున్నానండీ అంటే సరిపోయేది. అనలేదు. అందరూ నా వైపు చూస్తుంటే బాగుంది. ఉన్నమాట చెప్పాలంటే చాలా బాగుంది.

ఆ రోజు నా పక్కన చాప మీద కూర్చున్నది ఎండుచేపలు అమ్ముకునే అప్ప. మాకేమీ చుట్టరికం లేదు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది గనక అక్క వరస పెట్టి అప్పా అని పిలుస్తాను. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఆటోలో వచ్చేది. వాళ్ళింట్లో ప్రభువుని నమ్ముకున్నది ఆవిడ ఒక్కర్తే. ఆవిడకీ షుగరే. బయట చెప్పులు వేసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని, బిళ్ళలు మానేశావా అని అడిగింది. నేను నవ్వేసి, అంతా దేవుడు చూసుకుంటాడు అప్పా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొన్ని నెలలకి అప్ప కుంటుతూ వచ్చింది. కాల్లో చేపముల్లు గుచ్చుకుందని చెప్పింది. ఆ తర్వాత రావడమే మానేసింది. ఒక శుక్రవారం కూడికలో ఆవిడ కోసం ప్రార్థన చేస్తూ ఒకావిడ, విశ్వాసంలో లోటు ఉంటే సరిచెయ్యి ప్రభువా అంది. నాకు ఒళ్ళు మండింది. కూడిక అయ్యాక, ఆ మాట ఎందుకన్నావని నిలదీశాను. ఆవిడ బిత్తరపోయి అసలు సంగతి చెప్పింది. అప్ప బిళ్ళలన్నీ ఎప్పుడో పారేసిందట. టీచరమ్మకి తగ్గించిన దేవుడు నాకు తగ్గించడా అందట. ముల్లు గుచ్చుకున్న పుండు మానక, పెద్దాసుపత్రిలో బొటనవేలు తీసేశారు. మొన్ననే ఇంటికి పంపించారు.

ఆదివారం సాక్ష్యాల వేళకి మళ్ళీ లేచాను. బైబిలు కవరు జిప్పు తీసి, బిళ్ళల అట్ట పైకెత్తి చూపించాను. ఉన్నదంతా చెప్పాను. ఏమంటారోనని చచ్చేంత భయపడ్డాను గానీ, అందరూ స్తోత్రం అన్నారు. మామూలుకన్నా గట్టిగానే అన్నారు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, మన సంఘానికి ఇటువంటి సాక్ష్యమే కావాలి అన్నారు. బయట ఇద్దరు ముగ్గురు నన్ను కావిలించుకుని, ఎంత ధైర్యమమ్మా నీది అన్నారు. మనసు తేలికైంది. ఆ తేలిక ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. అందరూ నా వైపు చూస్తుంటే నాకు మళ్ళీ బాగుంది. వేలు పోయిన మనిషికి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. వినాల్సిన మనిషిని వదిలేసి, మిగతా అందరికీ చెప్పుకుని, మెచ్చుకోలు మూటగట్టుకుని వస్తున్నాను. నా మీద నాకే రోత పుట్టింది. సగం దారిలో వెనక్కి తిరిగి ఆటో ఎక్కాను.

అప్ప వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. కాలికి కట్టు ఉంది. కొడుకు నన్ను చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పు పట్టలేను. ఇసకలో ఆరబెట్టిన చేపల మీదకి కాకులు రాకుండా అప్ప కూర్చున్నచోటి నుంచే కర్ర ఆడిస్తోంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ కర్ర పక్కన పెట్టింది.

"ఆ దినం నానడిగినప్పుడు నీ సంచీలో బిళ్ళలున్నాయేటి?"

"ఉన్నాయప్పా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆస్పత్రిలో అన్ని దినాలూ నానేటి పాపం సేసినానో ఎతుక్కున్నాను టీచరమ్మా. నీ మాట ఇన్నోడు నా మాట ఎందుకు ఇన్లేదో తెలీక ఏడిసినాను." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అయితే ఆయన నన్ను ఒగ్గీలేదన్నమాట."

దేవుడు తనని వదిలెయ్యలేదన్న ఆ మాటకి నేను తట్టుకోలేకపోయాను. ఆవిడ మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కాసేపయ్యాక చెయ్యి చాపి, ఆ బిళ్ళలేవో చూపించమంది. జిప్పు తీసి అట్ట ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు. అట్టని అటూ ఇటూ తిప్పి, రంగు చూసి, వేలితో ఒక్కో బిళ్ళనీ తడిమి, నా చేతిలో పెట్టేసింది.

"నాను పారీసినవీ ఇవే" అంది.